నోట్ల పేర్లన్నీ వచ్చినా నొటేషన్ చదవడం ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్న చదివాను. గుంటూరులో మీ పాపని పియానో క్లాసుకి తీసుకెళ్తూ, తనతో పాటు మీరూ 61 మెట్ల కీబోర్డు మీద మొదలుపెట్టారు. చిన్నప్పుడు సరళీ వరసలు, జంట వరసలు, దాటు వరసలు, గీతాల దాకా పాడారు. పాట వింటే కుడిచేత్తో దాదాపు పట్టేస్తారు. పుస్తకం ముందు పెడితే మాత్రం టెన్షన్ వచ్చేస్తోంది. గీతల మీద ఇ జి బి డి ఎఫ్, సందుల్లో ఎఫ్ ఏ సి ఇ అని కంఠతా వచ్చు. ఒక్కో నోటు చూపిస్తే పేరు చెప్పేస్తారు. వరసగా వాయించమంటే ప్రతి నోటు దగ్గరా ఆగిపోతున్నారు. పాప మాత్రం చకచకా చదివేస్తోంది. నోట్ల కింద పేర్లు రాసుకుంటే మంచిదా, లేక అన్నీ స రి గ మ లోకి మార్చుకుని వాయిస్తే సరిపోదా అని అడిగారు.

నేను విజయవాడలో చాలా ఏళ్లుగా పిల్లలకీ పెద్దలకీ పియానో నేర్పుతున్నాను. చెవి బాగా తయారై, కన్ను మాత్రం వెనకబడినవాళ్లు మన రెండు ఊళ్లలోనూ చాలామంది కనిపిస్తారు. కొందరు సంగీతం మాస్టారి దగ్గర పాడి వచ్చినవాళ్లు, కొందరు చర్చిలో విని వాయించడం అలవాటైనవాళ్లు, కొందరు ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు. అందరికీ ఇబ్బంది ఒకటే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు ఆగిపోతున్నది పేర్లు రాక కాదు. పేర్లు చదువుతున్నారు కాబట్టి ఆగిపోతున్నారు. నోటు కనపడగానే కింది గీత నుంచి లెక్కపెట్టి అది ఏ గీతో చూసుకోవాలి. కంఠతా పట్టిన వరసలోంచి పేరు తీయాలి. ఆ పేరున్న మెట్టు ఎక్కడుందో వెతకాలి. ఏ వేలు వెయ్యాలో ఆలోచించాలి. నిమిషానికి 60 దెబ్బల వేగంలో కూడా ఒక నోటుకి ఒక్క సెకనే దొరుకుతుంది. ఒక్క సెకనులో నాలుగు పనులు ఎవరికీ కుదరవు. గుంటూరు నుంచి వచ్చే బస్సు మీద ‘మంగళగిరి’ అని కనపడితే మనం మ, సున్న, గ, ళ అని కూడబలుక్కోం కదా, ఆకారం చూసి ఎక్కేస్తాం. నొటేషన్ కూడా అలాగే ఆకారంగా కనపడాలి.

నొటేషన్ చదవడం వచ్చినవాళ్ల కన్ను చేసే పని వేరే. మొదటి నోటు ఎక్కడుందో ఒక్కసారి పట్టుకుంటుంది. అక్కడి నుంచి తర్వాతి నోటు పైకి వెళ్లిందా, కిందికి వచ్చిందా, ఎంత దూరం అన్నదే చూస్తుంది. పేరు ఆ తర్వాత కావాలంటే గుర్తొస్తుంది, లేకపోతే లేదు. మీరు మార్చుకోవలసినది ఈ ఒక్క అలవాటే. మిగతా అభ్యాసమంతా దీని కోసమే.

దూరం చూడటం ఎలాగో చెప్తాను. ఐదు గీతలు, నాలుగు సందులు. గీత మీద ఉన్న నోటు తర్వాత దాన్ని ఆనుకున్న సందులో నోటు వస్తే పక్క మెట్టు, పక్క వేలు. గీత నుంచి తర్వాతి గీతకి వెళ్తే మధ్యలో ఒక మెట్టు వదిలెయ్యాలి, ఒక వేలు కూడా వదిలెయ్యాలి. సందు నుంచి తర్వాతి సందుకి వెళ్లినా అంతే. గీత నుంచి బయల్దేరి ఒక గీతని దాటి ఆ పై గీత మీద దిగితే అది ఐదో స్వరం, అంటే బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా చెయ్యి చాచినంత దూరం. ఇందులో ఒక లెక్క ఉంది. గీత నుంచి గీతకి గానీ, సందు నుంచి సందుకి గానీ వెళ్తే ఆ దూరం ఎప్పుడూ మూడు, ఐదు, ఏడు. గీత నుంచి సందుకి వెళ్తే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. కొన్నాళ్లకి కన్ను దీన్ని లెక్కపెట్టకుండానే పట్టేస్తుంది.

మీకు ఇది కొత్త కాదు. సరళీ వరసల్లో స రి గ మ అని పక్కపక్క స్వరాలకి నడిచారు. జంట వరసల్లో ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికారు. దాటు వరసల్లో స నుంచి మ కి దూకారు. కాగితం మీద సరళి మెట్లెక్కే గీతలా కనపడుతుంది. జంటలు ఒకే ఎత్తులో రెండు చుక్కలు. దాటు వచ్చినచోట రెండు చుక్కల మధ్య ఖాళీ కనపడుతుంది. గొంతుకి తెలిసిన దూరాల్ని కంటికి చూపించడమే మిగిలింది.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. ట్రెబుల్ క్లెఫ్ (మామూలుగా కుడిచేతి గీతల మొదట్లో ఉండే గుర్తు), 4/4 తాళం, రెండు బార్లు (నిలువు గీతల మధ్య ఉండే గళ్లు, ఇక్కడ ఒక్కోదానికి నాలుగు దెబ్బలు). మొదటి నోటు అన్నిటికంటే కింది గీత మీద ఉంది. తర్వాతది దానిపై సందులో, ఆ తర్వాతది రెండో గీత మీద, నాలుగోది మళ్లీ కింది గీత మీద. రెండో బార్‌లో మొదటిది కింది సందులో, రెండోది ఐదు గీతలకీ బయట, కింద వేలాడుతూ. ఆఖరిది ఇంకా కిందికి, చిన్న అడ్డగీత గుచ్చుకుని ఉంది. ఆ ఆఖరి నోటు నల్లగా నిండకుండా బోలుగా ఉంది, కాబట్టి రెండు దెబ్బలు. మీరు ఇప్పుడు చదివే పద్ధతిలో ఇది ఇ, ఎఫ్, జి, ఇ, ఎఫ్, డి, సి అని ఏడు పేర్లు. నేను చదివేది ఇలా: నడిమి వేలు ఇ మీద పెట్టాను. పైకి పక్కకి, ఇంకా పైకి పక్కకి, ఒకటి వదిలి కిందికి. పైకి పక్కకి, ఒకటి వదిలి కిందికి, కిందికి పక్కకి, ఆగు. పేరు ఒక్కటే, మొదటిది. మిగతా ఆరూ కదలికలే. ఇదే మీరు పాడితే గ మ ప గ, మ రి స అవుతుంది. ఇప్పుడు ఈ రెండు బార్లనీ అలాగే మీ చేత్తో కాగితం మీద రాసి, పేర్లు పలక్కుండా, ‘పైకి, కిందికి, వదిలి’ అంటూ వాయించి చూడండి. మొదట్లో పేర్లు పలికినదానికంటే నెమ్మదిగానే ఉంటుంది. వారం గడిచేసరికి తేడా మీకే తెలుస్తుంది.

మొదటి నోటు ఎక్కడుందో పట్టుకోవడానికి మాత్రం కొన్ని ఆనవాళ్లు కావాలి. అన్ని గీతలూ సందులూ కంఠతా పట్టడం కంటే మూడు నోట్లు కళ్లు మూసుకున్నా తెలిసేలా చేసుకోవడం మేలు. ట్రెబుల్ క్లెఫ్ గుర్తు నిజానికి పాతకాలపు జి అక్షరమే, దాని సుడి కింద నుంచి రెండో గీతని చుట్టుకుని ఉంటుంది. ఆ గీత జి. బాస్ క్లెఫ్ ఎఫ్ అక్షరం నుంచి వచ్చింది, దాని పక్కన ఉండే రెండు చుక్కల నడుమ సాగే గీత ఎఫ్. ఈ రెంటికీ సరిగ్గా మధ్యలో, పై ఐదు గీతలకి కింద, కింది ఐదు గీతలకి పైన, ఒక చిన్న గీత మీద మిడిల్ సి. మిడిల్ సి నుంచి పైకి ఐదో స్వరం ఆ జి, కిందికి ఐదో స్వరం ఆ ఎఫ్. అద్దంలో చూసినట్టు రెండు వైపులా ఒకే దూరం.

ఈ అద్దం పద్ధతి ఇంకా ముందుకి సాగుతుంది. ట్రెబుల్‌లో తర్వాతి సి కింద నుంచి మూడో సందులో ఉంటుంది. బాస్‌లో సి పై నుంచి మూడో సందులో. ట్రెబుల్ పైన రెండో అడ్డగీత మీద ఇంకో సి, బాస్ కింద రెండో అడ్డగీత మీద మరో సి. ఈ చివరిది మీ 61 మెట్ల కీబోర్డులో ఎడమవైపు మొట్టమొదటి మెట్టే. అంటే మీ చేతికి అందే ఎడమ కొస కాగితం మీద ఎక్కడుందో ఇప్పుడే తెలిసిపోయింది. ఈ ఐదు సి లూ, ఒక జి, ఒక ఎఫ్, ఇవి వస్తే పేజీలో ఎక్కడ మొదలైనా మీకు దగ్గరలో ఒక ఆనవాలు ఉంటుంది.

ఇక్కడ మన ఊళ్లలో చాలామందిని తికమక పెట్టే రెండు విషయాలున్నాయి. 88 మెట్ల పియానోలో మిడిల్ సి ఎడమ నుంచి నాలుగో సి, 61 మెట్ల కీబోర్డులో మూడో సి. దాన్ని యమహా వాళ్లు సి3 అంటారు, చాలా పుస్తకాలు సి4 అంటాయి. రెండూ ఒకటే మెట్టు, కంగారు పడకండి. రెండోది ట్రాన్స్‌పోజ్ బటన్. పాడేవాళ్ల శ్రుతికి తగ్గట్టు ఆ బటన్ నొక్కేసి, తెలిసిన మెట్ల మీదే వాయించడం మన దగ్గర కీబోర్డు వాయించేవాళ్లందరికీ అలవాటు. స్టేజి మీద అది అవసరమే, నేను కాదనను. నొటేషన్ నేర్చుకునేటప్పుడు మాత్రం అది సున్నా దగ్గరే ఉండాలి. కంటికి జి కనపడి, చెయ్యి జి నొక్కి, చెవికి ఏ వినపడితే మూడూ ఎప్పటికీ కలవవు. కీబోర్డు ఆన్ చేయగానే ముందు అది చూసుకోండి, ముఖ్యంగా ఇంట్లో ఇంకెవరైనా వాయిస్తుంటే.

ఇక స రి గ మ సంగతి. పాడటానికి మార్చుకోండి, తప్పకుండా మార్చుకోండి. చెయ్యి వాయించడానికి మాత్రం మార్చుకోవద్దు. మన షడ్జం కదులుతుంది. ఈ రోజు సి మీద స పెట్టుకుంటారు, రేపు జి మేజర్‌లో ఉన్న పాట వస్తే స జి మీదకి వెళ్తుంది, అప్పుడు నిన్నటి స ఇవాళ మ అవుతుంది. గీతలు మాత్రం కదలవు. ప్రతి పాటకీ మనసులో ఒకసారి తర్జుమా, చేతికి మళ్లీ ఇంకో తర్జుమా చేసుకుంటే మీరు ఇప్పుడు పడుతున్న ఇబ్బందే రెట్టింపవుతుంది. అలాగని ఆ చదువు వృథా కాదు. ఒక బార్ చూసి, వాయించే ముందే గొంతులో అది ఎలా ఉంటుందో ఊహించగలగడం చాలామంది పియానో విద్యార్థులకి ఏళ్లు గడిచినా రాదు. మీకు చిన్నప్పుడే వచ్చింది. బాలమురళీకృష్ణ గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. ఇక్కడ పాట నేర్చుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లలో చదవడం ఒకసారి పట్టుబడ్డాక చాలా వేగంగా ముందుకి వెళ్లడం చూశాను.

ఆ చదువుని వాడుకునే మంచి దారి ఒకటుంది. మొదటి సరళీ వరసని మీ చేత్తో ఐదు గీతల మీద రాయండి. ధీరశంకరాభరణంలో రాస్తే సి నుంచి సి దాకా అన్నీ తెల్లమెట్లే, వెస్టర్న్ వాళ్ల మేజర్ స్కేలు అదే. తర్వాత మీరు పాడిన మాయామాళవగౌళలోనే రాయండి. అక్కడ రి శుద్ధ రిషభం, ద శుద్ధ ధైవతం. కాబట్టి డి పక్కన ఫ్లాట్ గుర్తు (స్వరాన్ని అర స్వరం దించేది), ఏ పక్కన ఫ్లాట్ గుర్తు పెట్టాలి. ఇ, బి లు మామూలుగానే. చెవికి బాగా తెలిసినదాన్ని కంటికి కొత్త రూపంలో చూసినప్పుడు గుర్తులన్నీ ఎందుకున్నాయో ఒక్కసారిగా అర్థమవుతాయి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు కాబట్టి, మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం చొప్పున రాస్తే 4/4లో రెండు బార్ల క్వార్టర్ నోట్లు, అంటే ఒక్కోటి ఒక దెబ్బ. రెండో కాలం ఎయిత్ నోట్లు (అర దెబ్బ), మూడో కాలం సిక్స్‌టీంత్ నోట్లు (పావు దెబ్బ). మూడు కాలాలూ రాశాక పేజీని దూరం నుంచి చూడండి. నోట్ల తోకలకి పైన ఒక పట్టీ పడితే రెండో కాలం, రెండు పట్టీలు పడితే మూడో కాలం. తాళం విలువలు చదవడంలో సగం పని అక్కడే అయిపోతుంది.

తాళం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు స్వరాల మీదే దృష్టంతా పెట్టి తాళాన్ని తర్వాత చూసుకుందాం అనుకుంటారు. తాళం తప్పితే పాట పోయినట్టే. స్వరం ఒకటి తప్పితే పాట సాగుతూనే ఉంటుంది. అందుకే నా క్లాసులో కొత్త పేజీ తెరిస్తే ముందు మెట్లు ముట్టుకోనివ్వను. టేబుల్ మీద దరువు వేసి నోటితో చెప్పాలి. ‘ఒకటి రెండు మూడు’ అని లెక్కపెడితే మాటలు పొడవై దెబ్బ సాగిపోతుంది, అందుకని మన కొన్నకోలు, అంటే నోటితో పలికే తాళం జతులు వాడిస్తాను. ఒక దెబ్బకి ఒక నోటైతే ‘త’, రెండైతే ‘తక’, నాలుగైతే ‘తకధిమి’, మూడైతే ‘తకిట’. 6/8 తాళం వస్తే ‘తకిట తకిట’. అందరికీ ఇబ్బంది పెట్టేది చుక్క పెట్టిన క్వార్టర్ నోటు, దాని వెనక ఒక ఎయిత్ నోటు. దీన్ని ఒకటిన్నర, అర అని లెక్కల్లో చెప్తే ఎవరికీ ఎక్కదు. ‘తక తక’ అని రెండు దెబ్బలు నోటితో అంటూ, మొదటి ‘త’ మీద ఒకసారి, ఆఖరి ‘క’ మీద ఒకసారి మాత్రమే చప్పట్లు కొట్టండి. మధ్యలో రెండూ నోట్లోనే ఉండిపోతాయి. ఇంతే ఆ గుర్తు. మెట్రోనోమ్ (టిక్ టిక్ అని దెబ్బ కొట్టే సాధనం) 50, 60 మధ్య పెట్టుకోండి, ఫోనులో ఉచితంగానే దొరుకుతుంది.

నోట్ల కింద పేర్లు రాసుకోవడం గురించి. వద్దండి. రాసిన రోజు సాఫీగా వాయిస్తారు, అదే దాని ప్రమాదం. కన్ను అక్షరాల వరస మీదే పరుగెత్తుతుంది, పైన చుక్కలు ఉన్నా లేనట్టే. పేజీ మొత్తం వాయించినా నొటేషన్ ఒక్క బార్ కూడా చదవలేదు. బొత్తిగా తట్టని నోటు ఉంటే, ఉదాహరణకి మూడు అడ్డగీతలు దాటినది, దాని మీద పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి, వారం తర్వాత చెరిపేయండి. మెట్ల మీద అంటించే అక్షరాల స్టిక్కర్లకీ ఇదే మాట, అవి ఇప్పుడే పీకేయండి. రంగు కడ్డీలు పైనుంచి మెట్ల మీద పడే వీడియోలు ఒక పాట త్వరగా నేర్చుకోవడానికి పనికొస్తాయేమో గానీ, ఆ పాట అయిపోయాక చేతిలో ఏమీ మిగలదు. ఇంకో పాటకి మళ్లీ మొదటి నుంచే.

వేలి అంకెలు కూడా ఒక ఉచ్చే. చాలా ప్రారంభ పుస్తకాల్లో మొదటి పాటలన్నీ బొటనవేలు సి మీద పెట్టే వాయించాలి. నాలుగైదు పాటలయ్యేసరికి కన్ను నోటు చూడటం మానేసి పైనున్న 1, 2, 3 అంకెలు చదవడం మొదలుపెడుతుంది. 3 అంటే ఇ అని చేతికి పాతుకుపోతుంది. చెయ్యి జి మీదకి మారగానే అంతా కూలిపోతుంది. కాబట్టి మొదటి నెలలోనే ఒక రోజు సి మీద, ఒక రోజు జి మీద, ఒక రోజు డి మీద చెయ్యి పెట్టి చదవండి. పుస్తకంలో అలా లేకపోతే మీ టీచర్‌ని అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు. మీ చెవి బాగుంది కాబట్టి మీకు ఇది మరీ అవసరం. ఏ పాటనైనా రెండు మూడు సార్లు వాయిస్తే మీకు కంఠతా వచ్చేస్తుంది. నాలుగోసారి మీరు పేజీని చూస్తున్నాననుకుంటారు గానీ, చెయ్యి గుర్తు పెట్టుకున్నదే వాయిస్తుంది. అందుకే ఒకే పాటని నెలంతా సాధన చేస్తే వాయించడం వస్తుంది, చదవడం రాదు. రెంటికీ వేరువేరుగా టైము పెట్టుకోవాలి. రోజూ ఒక పావుగంట, మునుపు ఎన్నడూ చూడని, వినని, చాలా తేలికైన పేజీ ఒకటి తెరవండి. మీరు వాయించగల స్థాయికి రెండు మెట్లు కింద ఉండాలి. ఒకసారి, మహా అయితే రెండుసార్లు వాయించి వదిలేయండి. బాగా రాలేదని మూడోసారి మొదలుపెట్టకండి. రేపు ఇంకో కొత్తది. తెలిసిన సినిమా పాటల నొటేషన్‌తో ఈ పని చేయకండి, చెవి పరుగెత్తి ముందే వాయించేస్తుంది. అసలు ఈ గీతల పద్ధతి పుట్టిందే అందుకు. 11వ శతాబ్దంలో ఇటలీలో గీడో అనే క్రైస్తవ సన్యాసి, క్వైర్‌లో పాడే కుర్రాళ్లు మునుపు వినని కీర్తనని కూడా చూసి పాడేలా గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని తీర్చిదిద్దాడు.

ఆ పావుగంటలో ఒకటే నియమం: ఆగకూడదు, వెనక్కి పోకూడదు. తప్పు పడితే పడనివ్వండి. వెనక్కి వెళ్లి సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టడం కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి మరీ కష్టంగా అనిపించదు, ఎందుకంటే గురువుగారు అలాగే చేయిస్తారు. చదవడానికి మాత్రం అది శత్రువు. వేగం సగానికి తగ్గించండి, కుడిచెయ్యి ఒక్కటే వాయించండి, ఏదైనా చేయండి గానీ దెబ్బ ఆగకూడదు. కన్ను చేతికంటే కనీసం ఒక దెబ్బ ముందుండాలి. దీనికి పాప సాయం తీసుకోండి. మీరు వాయిస్తుంటే, మీరు వాయిస్తున్న బార్‌ని పాప ఒక విజిటింగ్ కార్డుతో మూసేస్తూ పోవాలి. అప్పుడు మీ కన్ను తప్పనిసరిగా తర్వాతి బార్‌కి వెళ్తుంది. మొదటి రెండు రోజులు చిరాకు వస్తుంది, తర్వాత బాగా పనిచేస్తుంది.

చేతుల వైపు చూడటం మానడం కూడా ఇందులో భాగమే. నల్లమెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉన్నది తడిమి తెలుసుకోవడానికే అనుకోండి. రెండు నల్లమెట్ల గుంపుకి ఎడమ పక్కన సి, మూడింటి గుంపుకి ఎడమ పక్కన ఎఫ్. కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి సి లన్నీ, ఎఫ్ లన్నీ పట్టుకోండి. సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు చేసినా చాలు.

ఎడమచేతిని వాయిదా వేయకండి. చాలామంది కుడిచెయ్యి బాగా వచ్చాక బాస్ చూద్దాం అనుకుని, చివరికి బాస్ నోటుని ట్రెబుల్‌లా చదివి ‘రెండు మెట్లు జరపాలి’ అని లెక్కలు వేస్తారు. ఆ లెక్క ఒకసారి అలవాటైతే వదిలించడం నాకు చాలా కష్టమవుతుంది. మొదటి రోజు నుంచీ బాస్ క్లెఫ్ ఎఫ్ గీతని దాని సొంత ఆనవాలుగా చూడండి, అక్కడి నుంచి దూరాలు. రెండు చేతులూ కలిపి చదివేటప్పుడు పేజీని అడ్డంగా కాదు, నిలువుగా, కింద నుంచి పైకి చూడాలి. ఒక దెబ్బ దగ్గర ఎడమచేతిలో ఏముంది, దాని నెత్తిన కుడిచేతిలో ఏముంది, తర్వాత పక్క దెబ్బ.

కీ సిగ్నేచర్, అంటే క్లెఫ్ పక్కనే పెట్టే షార్ప్ (అర స్వరం పెంచేది), ఫ్లాట్ గుర్తుల గురించి ఇప్పటికి రెండు మాటలు చాలు. షార్ప్‌లు ఎప్పుడూ ఎఫ్, సి, జి, డి, ఏ, ఇ, బి వరసలోనే వస్తాయి. ఫ్లాట్‌లు సరిగ్గా దానికి తిరగేసి. వాయించే ముందు ఏ మెట్లు మారతాయో ఒకసారి చేత్తో తాకి చూసుకోండి. మొదటి ఆరు నెలలు ఒక షార్ప్, ఒక ఫ్లాట్ దాటి వెళ్లక్కర్లేదు.

పాప గ్రేడ్ పరీక్షలు రాస్తుందన్నారు కాబట్టి ఇది కూడా. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం అని రెండు పరీక్షా బోర్డులున్నాయి. ట్రినిటీ పరీక్షలో ఐదో గ్రేడు దాకా సపోర్టింగ్ టెస్టులు నాలుగింటిలో రెండు ఎంచుకోవచ్చు, అంటే సైట్ రీడింగ్ (కొత్త పేజీని అప్పటికప్పుడు చూసి వాయించడం) ముట్టుకోకుండానే గడిపేయవచ్చు. ఏబీఆర్ఎస్ఎం ప్రాక్టికల్ గ్రేడుల్లో అది తప్పనిసరి, 150 మార్కుల్లో 21 దానివే. వాళ్ల పెర్ఫార్మెన్స్ గ్రేడుల్లో మాత్రం ఆ పరీక్షే లేదు. ఏ బోర్డైనా మంచిదే, కానీ ఏడాదికి మూడు పాటలు బట్టీ పట్టి గ్రేడులు దాటేసిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు, చిన్న పేజీ ముందు పెడితే చదవలేరు. వాళ్లని చూస్తే బాధేస్తుంది, తప్పు వాళ్లది కాదు. ఐచ్ఛికం ఉన్నా సైట్ రీడింగే ఎంచుకోమనండి. ఏబీఆర్ఎస్ఎంలో వాయించే ముందు చూసుకోవడానికి అర నిమిషం ఇస్తారు. ఆ అర నిమిషం మీకూ పనికొస్తుంది: కీ సిగ్నేచర్, తాళం, రెండు చేతులు మొదలయ్యే చోటు, ఇబ్బందిగా కనపడే ఒక్క బార్. ఈ నాలుగే చూసి మొదలుపెట్టాలి.

పేజీలు ఎక్కడ దొరుకుతాయి అంటే, కాపీరైట్ తీరిన పాత పియానో పాఠాలు ఐఎంఎస్ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో వేలకొద్దీ ఉచితంగా ఉన్నాయి. సరళీ వరసలు శుభ్రంగా రాసుకోవడానికి మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, రాసినది వాయించి వినిపిస్తుంది. ఫోనులో చూస్తూ మాత్రం చదవకండి. రెండు బార్లకి ఒకసారి స్క్రీన్ జరపాల్సి వస్తే కన్ను ముందుకి పోవడం అసాధ్యం. బ్రాడీపేటలో జిరాక్స్ షాపులకి కొదవ లేదు, ఏ4 కాగితం మీద తీయించుకుని కంటి ఎత్తులో నిలబెట్టండి. దగ్గరలో నాలుగు స్వరాల్లో పాడే చర్చి క్వైర్ ఏదైనా ఉంటే వాళ్ల రిహార్సల్‌కి ఒకసారి వెళ్లి చూడండి. 1842లోనే లూథరన్ మిషన్ వచ్చిన ఊరు మీది. సొప్రానో, ఆల్టో పై గీతల మీద, టెనార్, బాస్ కింది గీతల మీద రాసిన పేజీని నలుగురు నాలుగు గొంతులతో పాడుతుంటే నిలువుగా చదవడం అంటే ఏమిటో కళ్లముందే కనపడుతుంది.

ఎంతకాలం పడుతుంది అని మీరు అడగలేదు గానీ అడిగే ప్రశ్నే. రోజూ ఆ పావుగంట తప్పకుండా కూర్చుంటే మూడు నాలుగు నెలల్లో ఒక చేత్తో తేలికపాటి పేజీ ఆగకుండా సాగుతుంది. రెండు చేతులకి ఏడాది వేసుకోండి. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా వదిలేస్తే మాత్రం రెండేళ్లయినా ఇక్కడే ఉంటారు. పాప మీకంటే త్వరగా చదవడం చూసి నిరుత్సాహపడకండి. తన చెవికి ఇంకా అంత పాట తెలియదు కాబట్టి తను పేజీ మీదే ఆధారపడుతుంది. మీకు ఆ అవసరం లేకపోయింది, అంతే.

ఒకే కీబోర్డు ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక కొత్త పేజీ తీయండి. పాప కుడిచేతి లైను, మీరు ఎడమచేతి లైను. మెట్రోనోమ్ 50. ఎవరు తప్పినా రెండోవాళ్లు ఆగకూడదు, తప్పినవాళ్లు తర్వాతి బార్ మొదట్లో దొరికినచోట కలుసుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మీరు ఆగిపోతారు, పక్కన ఇంకొకరు సాగుతుంటే ఆగలేరు. వారం పాటు ఇలా చేసి, తర్వాత లైన్లు మార్చుకోండి.